పదహారు గింజల రోజు

నరసింహమూర్తి ఇరవై ఏడేళ్లు కొలతల మీద బతికిన మనిషి. పటాన్‌చెరు దాపున ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ ఇన్‌స్పెక్టరు. షాపులోంచి వచ్చిన ప్రతి ఇనుప భాగాన్నీ మైక్రోమీటరుతో కొలిచి, వెంట్రుకలో సగం తేడా కనిపించినా పక్కన పెట్టించేవాడు. మూర్తిగారి బల్ల దాటిన వస్తువుకి ఇక వంక పెట్టనక్కర్లేదని ఫ్యాక్టరీలో పేరు. భీమవరం పక్క పల్లె నుంచి కుర్రతనంలో వచ్చి, ఇక్కడే కాపురం పెట్టి, ఉద్యోగులంతా కలిసి కట్టుకున్న కాలనీలో ఇల్లు కట్టుకుని, తొంభై ఎనిమిదిలో స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకున్నాడు. ఆ తర్వాత ఎనిమిది నెలలకే ఆయనకి పొద్దు గడవడం కష్టమైపోయింది. భార్య నాగరత్నం దోసెలు వేస్తుంటే పక్కన నిలబడి, మొదటి దానికీ రెండో దానికీ మందంలో తేడా ఉందని చెప్పేవాడు.

అలాంటి రోజుల్లో పద్మావతి వచ్చింది. పాత సహోద్యోగి కూతురు. సంగారెడ్డిలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తోంది.

"బాబాయిగారూ, ఈదులకుంటలో పదిమంది పిల్లల్ని పోగుచేశాం. పదమూడు నుంచి పదహారేళ్ల వాళ్లు. వాళ్ల ఊళ్లో పిల్లల పేదరికం ఎలా ఉందో వాళ్లే సర్వే చేయాలి, వాళ్లే అధికారుల ముందు నిలబడి చెప్పాలి. సర్వే ఎలా చేయాలో మీరు నేర్పండి."

"పిల్లలు సర్వే చేయడమేమిటమ్మా? పెద్దవాళ్లు చేసిన సర్వేలే తప్పుల తడకలు."

"అందుకే కదా మీ దగ్గరికొచ్చాను" అంది పద్మావతి.

కొలవడానికి ఏదో ఒకటి దొరికిందన్న ఉత్సాహంతో ఆయన వారం రోజులు కూర్చుని నాలుగు పేజీల ఫారం తయారుచేశాడు. నలభై రెండు ప్రశ్నలు. ఇంట్లో ఎంతమంది, ఎంత చదివారు, పిల్లలు బడికి వెళ్తున్నారా లేదా, వెళ్లకపోతే కారణమేమిటి. పద్మావతి ఫారాలను జిరాక్స్ తీయించింది. జూన్ నెల మొదటి ఆదివారం ఇద్దరూ ఈదులకుంట బడి వరండాలో దిగారు.

పిల్లలు శ్రద్ధగా విన్నారు. వాళ్లలో పెద్దది కౌసల్య. పదహారేళ్లుంటాయి. ఏడో తరగతిలో బడి మానేసిందట. సన్నగా, పొడుగ్గా ఉంది. ప్రశ్న వేసే ముందు ఓణీ కొంగు నడుముకి గట్టిగా బిగించుకుంటుంది. ఆమె పక్కనే చిన్నరాములు అని పద్నాలుగేళ్ల కుర్రాడు. నరసింహమూర్తి ఫారం ఎలా నింపాలో మూడుసార్లు చెప్పి, "ఎక్కడా ఖాళీ వదలకూడదు" అని హెచ్చరించి ఇంటికొచ్చాడు.

వారం తర్వాత వెళ్లేసరికి రెండు వందల పది ఇళ్ల ఫారాలూ నిండి ఉన్నాయి. ఎక్కడా ఖాళీ లేదు. ఆయన సంతోషంగా తిరగేశాడు. పది తిప్పాడు, యాభై తిప్పాడు. పిల్లలు బడికి వెళ్తున్నారా అన్న చోట అందరిదీ ఒకటే జవాబు. వెళ్తున్నారు.

"చూశావా పద్మా? మీరు అనుకున్నంత సమస్య ఏమీ లేదు ఈ ఊళ్లో."

కౌసల్య లేచి నిలబడింది. కొంగు బిగించుకుంది.

"సారూ, ఏమనుకోకుండ్రి. మీ కాగితం అబద్ధం జెప్పిస్తుంది."

నరసింహమూర్తికి మొహం ఎర్రబడింది. ఇరవై ఏడేళ్లలో ఆయన లెక్కని ఆ మాట అన్నవాళ్లు లేరు.

"నా కాగితానికేమైందమ్మా?"

"మీరు అడగమన్నది ఇంటి పెద్దను. నీ బిడ్డను బడికి తోలుతున్నవా అని అడిగితె లేదని ఎవరంటరు సారూ? ఇజ్జత్ వోతది గద. రిజిస్టర్ల అందరి పేర్లున్నయ్. మా చెల్లె పేరు సుత ఉన్నది. ఎండకాలం సెలవులకు ముందుకెల్లే అది బడి మొకం జూస్తలేదు. మేం రోజూ కండ్లతోని జూసేది రాయనీకి ఇందుల జాగ లేదు."

"మరైతే ఎలా అడగాలంటావ్?"

ఎద్దేవాగా అడిగాడాయన. ఆ పిల్ల దాన్ని నిజమైన ప్రశ్నగానే తీసుకుంది. 

"పెద్దోళ్లను అడగొద్దు. పిల్లల్నే అడగాలె. బడికి వోతున్నవా అని గాదు. నిన్న లేచిన కాడికెల్లి పండేదాంక ఏమేం జేసినవ్ అని. గంతే."

"ఆరేళ్ల పిల్లకి గంటలు ఎలా తెలుస్తాయమ్మా? గడియారం చూడటం రాదే!"

ఈసారి చిన్నరాములు అందుకున్నాడు. "ఫ్యాక్టరీ సైరన్లున్నయ్ గద సారూ. ఆరింటికి ఒకటి, రెండింటికి ఒకటి. ఎనిమిదింటికి సంగారెడ్డి బస్సొస్తది. బడి గంట తొమ్మిదింటికి. సైరన్ కంటె ముందుగాలనా, ఎన్కనా అంటె మూడేండ్ల పోరి గూడ చెప్తది."

 ఆ సైరన్లను నరసింహమూర్తి ఇరవై ఏడేళ్లు విన్నాడు. షిఫ్టు ఎక్కడానికీ దిగడానికీ తప్ప దేనికైనా పనికొస్తాయని ఏనాడూ తోచలేదు. ఫ్యాక్టరీ గోడ బయట, గడియారం లేని ఇళ్లలో పసిపిల్లలు ఆ కూతతో రోజుని కొలుచుకుంటున్నారు.

ఆ మధ్యాహ్నం అక్కడే కూర్చుని పిల్లలు తమ పద్ధతి తయారుచేసుకున్నారు.  తెల్లవారి అయిదు నుంచి రాత్రి తొమ్మిది దాకా పదహారు గంటలు. అందుకని పదహారు చింతగింజలు. పిల్ల ముందు గింజలు పోసి, నిన్నటి రోజుని కుప్పలుగా పంచమనాలి. వంట కుప్ప, తమ్ముడిని ఎత్తుకున్న కుప్ప, ఆట కుప్ప, బడి కుప్ప. ఒక పిల్లకి ఒక రోజుకి ఒక కాగితం. పైన రోజు పేరు తప్పకుండా రాయాలి. "రోజు పేరెందుకు?" అని ఎవరో అడిగితే, "అన్ని రోజులు ఒక్క తీరుగుంటయా?" అంది కౌసల్య.

పది రోజుల్లో నూట ఎనభై రెండు కాగితాలు వచ్చాయి.

కానీ నరసింహమూర్తి అంత తేలిగ్గా నమ్మే మనిషి కాడు. ఫ్యాక్టరీలో వందకి ఆరు చొప్పున తీసి మళ్లీ కొలిచేవాడు. ఇక్కడా అంతే చేశాడు. ఎవరికీ చెప్పకుండా పదకొండు కాగితాలు పక్కకు తీసుకుని, పొద్దున్నే స్కూటరు మీద వెళ్లి, ఆ పిల్లలు నిజంగా ఏం చేస్తున్నారో దూరం నుంచి చూశాడు. పది సరిగ్గా సరిపోయాయి. పదకొండోది తేడా వచ్చింది. బాలమణి అనే తొమ్మిదేళ్ల పిల్ల. కాగితంలో నీళ్ల కుప్పలో నాలుగు గింజలు. ఆయన చూసిన రోజున ఆ పిల్ల ట్యాంకరు దగ్గర నిలబడింది గంటన్నర మాత్రమే.

తప్పు పట్టుకున్న సంబరం ఆయనకి ఇంకా పోలేదు. కాగితం తీసుకెళ్లి కౌసల్య ముందు పెట్టాడు. ఆ పిల్ల దాన్ని చూసి, ఆయన్ని చూసి, "మీరు బుధారం వోయిన్రా సారూ?" అని అడిగింది.

"అవును, బుధవారమే."

"బుధారం ఊర్లెకు ఆఫీసరొస్తడు. ఆ ఒక్క దినం రెండు బండ్లు, అదీ జల్దీ వస్తయ్. ఇది సోమారం కాగితం. చూడుండ్రి, పైన రాసే ఉన్నది. కావాలంటె బాలమణిది బుధారం కాగితం వేరే తీసినం." కట్టలోంచి ఇంకో కాగితం లాగి ఇచ్చింది. దాని మీద నీళ్ల కుప్పలో గింజన్నర. సగం గింజని పెన్సిలుతో జాగ్రత్తగా గీసి ఉంది.

నరసింహమూర్తి ఆ సగం గింజ వంక చూశాడు. ఇంతకాలం ఎందరో ట్రైనీలకు పని నేర్పాడు. ఇంజనీరింగ్ చదివి వచ్చినవాళ్లకు కూడా, కొలిచే రోజుని బట్టి కొలత మారుతుందని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టేది. ఈ పిల్లకి ఎవరు చెప్పారు?

ఆ ఆదివారం గింజల్ని బడి గచ్చు మీద పరిచారు. పిల్లలు ఒక్కో కాగితం చదువుతుంటే, ఒక్కో కుప్పకి గింజలు వేస్తూ పోయారు. ఊరంతటి పిల్లల రోజు నేల మీద పోగుపడసాగింది. బడి రోజున బడికి రాని పిల్లలు అరవై మంది అని తేలింది. అది కొంత ఊహించిందే. పద్మావతి, ఆమె సంస్థవాళ్లు, నరసింహమూర్తి అందరూ వాళ్లు కూలికి పోతున్నారనే అనుకున్నారు. కానీ కూలి కుప్ప చిన్నదిగానే ఉంది. పదిహేడు మందివే గింజలు. రెండో కుప్ప మాత్రం పెరిగి పెరిగి, పక్కకు జారి, వరండా మెట్టు దాకా వచ్చింది.

అది నీళ్ల కుప్ప. నలభై మూడు మంది. అందరూ ఆడపిల్లలే.

ఈదులకుంట బావుల్లోకి, బోర్లలోకి ఫ్యాక్టరీల మురుగు దిగి పదేళ్లు దాటింది. ఆ నీళ్లు తోడితే పచ్చగా, నురగతో వస్తాయి. అప్పటినుంచి ఊరికి ట్యాంకరు నీళ్లే దిక్కు. ఆ ట్యాంకరు తొమ్మిదింటికి రావచ్చు, పన్నెండుకి రావచ్చు. తల్లులు ఎనిమిదింటికల్లా ఫ్యాక్టరీ పనికో, పొలానికో వెళ్లిపోతారు. బిందెల దగ్గర ఎవరో ఒకరు నిలబడాలి. వరసలో బిందె పెట్టి పోతే ఎవరో జరిపేస్తారు. అందుకని ఆడపిల్ల నిలబడుతుంది.

"నేను గిట్లనే మానేసిన సారూ" అంది కౌసల్య, ఎవరి సంగతో చెబుతున్నట్టు. "మా అమ్మ సత్తెమ్మ ప్యాకింగ్‌ల పనికి వోతది. బండొచ్చేదాంక నేను నిలవడాలె. నీళ్లు వోసి బడికి వోతె సారు కొట్టేది, లేటైందని. రోజూ ఎవరు తింటరు దెబ్బలు? ఇప్పుడు నా జాగల మా చెల్లె నిలవడ్తుంది."

పద్మావతి కళ్లు తుడుచుకుంది. పదేళ్లుగా అందరూ పేదరికం, అజ్ఞానం, ఆడపిల్ల మీద చిన్నచూపు అని రాస్తూ వచ్చిన చోట, పదిమంది పిల్లలు ఒక ట్యాంకరు వేళని చూపించారు.

ముందు సర్పంచ్ మొగులయ్య దగ్గరికి వెళ్లారు. ఆయన మంచం మీద కూర్చుని అంతా విన్నాడు.

"నా చేతుల ఏమున్నది బిడ్డా? బండి పంపేది కాంట్రాక్టరు. ఎప్పుడు పంపితె అప్పుడు పట్టుకోవాలె."

"పొద్దుగాల యాడికి వోతది పెద్దబాపూ గా బండి?" అని అడిగింది కౌసల్య.

మొగులయ్యకి తెలియదు. పద్మావతికీ తెలియదు. తెలుసుకునే పని పిల్లలే పెట్టుకున్నారు. రెండు అద్దె సైకిళ్లు తీసుకుని, కౌసల్య, చిన్నరాములు మూడు రోజులు వరసగా ట్యాంకరు వెంట తిరిగారు. నీళ్లు నింపే చోటు నుంచి మొదలుపెట్టి, హైవే మీద లారీల పక్కన తొక్కుకుంటూ, ఏ ట్రిప్పు ఎక్కడికి, ఏ సైరనుకి ఏ మలుపు దగ్గర ఉందో రాసుకున్నారు.

నాలుగో రోజు సాయంత్రం కౌసల్య ఒక్కతే నరసింహమూర్తి ఇంటికొచ్చింది. నాగరత్నం కాఫీ ఇస్తే తాగి, గ్లాసు కడగబోయి, వద్దంటే కింద పెట్టి కూర్చుంది.

"సారూ, గీ ఒక్క ముచ్చట మిమ్మల్ని అడిగి రాద్దామనుకున్న."

"ఏ ముచ్చట?"

"మొదటి ట్రిప్పు యాడికి వోతదో."

"చూసింది రాయాలి కదమ్మా. నన్ను అడగడమెందుకు?"

"మీ కాలనీకే సారూ. ఆరింటి సైరన్ కూసేటాల్లకు గేటు కాడుంటది. మూడో ఇల్లు మీదే, మీ సంపుల పైపు ఏస్తరు. ఎన్క ఇంకో కాలనీ. గా ఎన్క మా ఊరు."

నరసింహమూర్తి వాకిట్లో నేలలో కట్టించిన సంపు మూత వంక చూశాడు. రోజూ తెల్లవారే వేళ ట్యాంకరు మోటారు చప్పుడు నిద్రలో వినబడేది. విని, పక్కకి ఒత్తిగిలి పడుకునేవాడు. ఆ చప్పుడుకి అవతల నలభై మూడు మంది పిల్లలు ఖాళీ బిందెల దగ్గర ఎదురుచూస్తున్నారన్న సంగతి ఇప్పుడు తెలిసింది. తెలిసినదానికంటే, దాన్ని తన మొహం మీద చెప్పడానికి ఆ పిల్ల నాలుగు మైళ్లు సైకిలు తొక్కుకొచ్చిందన్నది ఆయన్ని కదిలించింది. దాచిపెట్టి రాయలేదు. రాయకుండా వదిలేయనూ లేదు.

"రాయి" అన్నాడు. వెంటనే మళ్లీ అన్నాడు. "ఇంటి నంబరుతో సహా రాయి."

తరువాతి ఆదివారం పొద్దున కాలనీ హాల్లో సమావేశం. కార్యదర్శి చలపతిరావు మంచివాడే. అయినా విషయం విని ఇబ్బందిగా కదిలాడు.

"మూర్తిగారూ, మనకీ పిల్లలున్నారండీ. ఏడింటికి స్కూలు బస్సు. పొద్దున్నే నీళ్లు లేకపోతే ఎలా?"

పిల్లలు పదిమందీ గోడ వారగా నిలబడి ఉన్నారు. కౌసల్య ముందుకొచ్చి, బాలమణిని పక్కన కూర్చోబెట్టుకుని, గచ్చు మీద రెండు వరసలు గింజలు పేర్చింది.

"ఇది బాలమణి రోజు. గిది మీ కాలనీల చదువుకునే ఒక పాప రోజు. నిన్న పొద్దుమీకి ఆ పాపనే పంచి ఇచ్చింది. ఇద్దరికీ తొమ్మిదేండ్లే. ఇద్దరికీ పదహారు గింజలే."

అందరూ కుర్చీల్లోంచి లేచి వంగి చూశారు. ఒక వరసలో బడికి ఏడు గింజలు, ఆటకి మూడు, ట్యూషనుకి రెండు, తిండికీ స్నానానికీ మిగతా నాలుగు. నీళ్ల చోటు ఖాళీ. రెండో వరసలో నీళ్లకి నాలుగు, తమ్ముడికి అయిదు, వంటకీ అంట్లకీ నాలుగు, పశువులకి రెండు, ఆటకి ఒకటి. బడి చోటు ఖాళీ.

"మీ ఇండ్లల్ల నీళ్లకాడ ఎవరు నిలవడ్తరు?" అని అడిగింది కౌసల్య.

 నిలబడేవాళ్లు ఎవరూ లేరు. పైపు సంపులో వేస్తారు, నిండుతుంది, మూత పెట్టేస్తారు.

"మీ నీళ్లకు మనిషి అక్కరలేదు. ఎప్పుడొచ్చినా సంపుల వడ్తయ్. మా నీళ్లకు ఆడపిల్ల కావాలె. గంతే సార్లూ, నేను చెప్పేది."

నరసింహమూర్తి ఆ హాల్లో ఎన్నో సమావేశాలు చూశాడు. పెద్ద పెద్ద యూనియన్ నాయకులు గంటలకొద్దీ మాట్లాడటం విన్నాడు. అంత తక్కువ మాటల్లో అంత చెప్పినవాళ్లని ఎప్పుడూ చూడలేదు. ఆయన మాట్లాడదామని లేచాడు. ఈలోగా వెనక వరసలోంచి నాగరత్నం అందుకుంది.

"సంపులో రెండు రోజులకి సరిపడా నీళ్లుంటాయి. పన్నెండింటికి వచ్చినా నాకేం నష్టం లేదు. ఇన్నాళ్లూ ఈ సంగతి అడగాలని తట్టలేదు, అంతే."

ఒకరి తర్వాత ఒకరు తలలూపారు. ఇద్దరు మాత్రం ఒప్పుకోలేదు. వాళ్లు ఆ తర్వాత చాలాకాలం నరసింహమూర్తితో మాటలు మానేశారు. మొదటి ట్రిప్పు ఈదులకుంటకి పంపమని చలపతిరావు కాంట్రాక్టరుకి ఉత్తరం రాసి, కాలనీ ముద్ర వేసి, కౌసల్య చేతికే ఇచ్చాడు.

కాంట్రాక్టరు మార్పుకి ఒప్పుకున్నాడు. ట్యాంకరు డ్రైవరు యాదన్న ఉత్తరం చూసి నవ్వాడు. "నాకేంది బిడ్డా? ముందు యాడికి తోలమంటె ఆడికే తోలుత. పదేండ్లల్ల గిది అడిగినోడు ఒక్కడు లేడు."

జూలై రెండో సోమవారం ఆరింటి సైరను కూసేవేళకి ట్యాంకరు ఈదులకుంటలోకి వచ్చింది. తల్లులింకా ఇళ్లలోనే ఉన్నారు. సత్తెమ్మ తనే బిందె పట్టుకుని వచ్చింది. ఏడున్నరకల్లా వరస ఖాళీ అయిపోయింది. రోడ్డు మీద నీళ్ల తడి తప్ప ఏమీ లేదు. నరసింహమూర్తి బడి గోడ పక్కన స్కూటరు ఆపుకుని చూస్తున్నాడు. తొమ్మిది గంటలకి వాళ్లు రావడం మొదలైంది. ఇద్దరిద్దరుగా, నలుగురు నలుగురుగా, నూనె రాసిన జడలతో, కొందరు తమ్ముళ్లని చంకనేసుకుని. బాలమణి పరుగెత్తుకుంటూ వచ్చి, గుమ్మం దగ్గర ఆగి, లోపలికి వెళ్లొచ్చా అన్నట్టు వెనక్కి చూసింది. ముప్పై తొమ్మిది మంది వచ్చారు.  ఏ చట్టమూ మారలేదు. ఒక కొత్త రూపాయి ఖర్చు కాలేదు. ఒక బండి దారి మారింది.

హెడ్మాస్టరు అంజయ్య కంగారుగా బయటికొచ్చాడు. "అందర్ని ఒక్కసారే తోలిన్రు! రెండు గదులు, నేనొక్కన్ని. యాడ గూసవెట్టాలె?"

"వరండల గూసుంటరు సారూ" అంది కౌసల్య. "గదుల సంగతి సంగారెడ్డి వోయి అడుగుతం."

అన్నట్టే అడిగారు. కాగితాల కట్టతో కలెక్టరాఫీసుకి ఆరుసార్లు తిరిగారు. రెండో టీచరు రావడానికి అయిదు నెలలు పట్టింది. మూడో గది లేవడానికి రెండేళ్లు పట్టింది. వాళ్ల పద్ధతి విని చుట్టుపక్కల ఏడు ఊళ్ల పిల్లలు నేర్చుకుపోవడానికి వచ్చారు. నరసింహమూర్తి తన నలభై రెండు ప్రశ్నల ఫారాన్ని మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు. కౌసల్య రాత్రిళ్లు చదువుకుని పదో తరగతి ప్రైవేటుగా కట్టింది. లెక్కల్లో రెండోసారికి గట్టెక్కింది.

కానీ ఆ జూలై సోమవారం సాయంత్రం ఆ సంగతులేవీ ఎవరికీ తెలియవు. పద్మావతి మిఠాయిలు తెచ్చింది. పిల్లలు వరండాలో కూర్చుని తింటున్నారు. కౌసల్య మాత్రం తన వాటా చెల్లెలి చేతిలో పెట్టి, నరసింహమూర్తి దగ్గరికొచ్చి నిలబడింది.

"నీళ్లోళ్లు వచ్చిన్రు సారూ. కూలికి వోయే పదిహేడు మంది?"

 ట్యాంకరు ఎంత పొద్దున్నే వచ్చినా వాళ్లు రారు. వాళ్ల కథ వేరు. తర్వాతి నాలుగేళ్లలో వాళ్లలో పదకొండు మంది బడికి వచ్చారు. ఆరుగురు ఎప్పటికీ రాలేదు.

"నాకు తెలియదమ్మా" అన్నాడు. ఇరవై ఏడేళ్ల ఉద్యోగంలో ఆ మాట ఆయన ఎవరితోనూ అని ఎరగడు. అనేసరికి గుండె తేలికైంది. "ఎలా అడగాలో నువ్వు చెప్పు. నేను రాసుకుంటాను."

కౌసల్య ఓణీ కొంగు బిగించుకుని మెట్టు మీద కూర్చుంది. నరసింహమూర్తి ఆమె కన్నా ఒక మెట్టు కింద కూర్చుని, జేబులోంచి పెన్ను తీశాడు.